మెడ మీది ముళ్లు

పోయిన వారం సుమనను మనం, పరాయి రాష్ట్రంలో తెలుగు నేతగాళ్లు వలస వచ్చి బతికే బమ్రోలిలో మగ్గాల షెడ్డు గుమ్మం దగ్గర నిలబెట్టి వచ్చాం. పక్కన రైల్వే ఉద్యోగి నాగభూషణం గారి కూతురు మనోజ్ఞ ఉంది. జంతుశాస్త్రం చదువుతున్న ఆ అమ్మాయిని సుమనే క్వార్టర్స్ దాకా పోయి బతిమాలి తీసుకొచ్చింది. లోపల కుల సంఘం కూర్చుంది.

ఆగస్టు వరద తీసి ఎన్నో రోజులు కాలేదు. ఆ వరదలో సుమన అన్న ఉమాకాంత్ షెడ్డు వెనక తొట్టిలో పెంచుకున్న విదేశీ తాబేలు కొట్టుకుపోయింది. తర్వాత అదే షెడ్డులో పనిచేసే గంగారాం, ఖాడీ ఒడ్డున బురదలో చెయ్యి పెట్టి కొట్టుకుపోయిన కండెల పెట్టె కోసం తడుముతుంటే ఒక తాబేలు అతని చూపుడు వేలు పట్టుకుంది. ఊరి మురుగంతా మోసే ఆ వాగుకు అక్కడ ఖాడీ అని పేరు. వేలి కొస నుజ్జయి, డాక్టరు మొదటి కణుపు దాకా తీసేశాడు. మగ్గం మీద తెగిన పోగును ముడి వెయ్యాలంటే ఆ కొసే కావాలి.

తాబేలు దొరికింది. అది ఉమాకాంత్‌దే అని బస్తీ అంతా అంటోంది. సంఘం కూడా అదే మాట అంటే అతనికి ఈ షెడ్డులో పని పోతుంది. పనితో పాటు షెడ్డు మీద ఉన్న ఒక్క గదీ పోతుంది. అందులో తల్లి ఐలమ్మ, చెల్లెలు సుమన కూడా ఉంటున్నారు.

“ఇగ చెప్పేటోళ్లు ఎవరన్న ఉన్నరా?” అని లక్ష్మీరాజం అడిగాడు. “ఉన్న” అంది సుమన.

ఆ మాట ఎవరికీ వినపడలేదు.

మగ్గాలు ఆగిపోయిన షెడ్డు అది. పొద్దస్తమానం చెవులు చిల్లులు పడే మోతలో బతికిన మనుషులు, మోత లేకపోయినా అరుచుకుంటూనే మాట్లాడుకుంటారు. సుమన గొంతు మొదటి నుంచీ సన్నది. ఊళ్లో పదో తరగతి దాకా చదివినన్నాళ్లూ సారు అడిగిన ప్రశ్నకు జవాబు తెలిసి కూడా చెప్పకుండా కూర్చున్న పిల్ల. ఇవాళ ఆమె అరికాళ్లు ఒకచోట నిలవడం లేదు. చాప అంచును బొటనవేలితో లాగుతోంది, వదులుతోంది.

“ఉన్న, రాజం మామా!” అంది మళ్లీ. ఈసారి తన గొంతుకు తానే ఉలిక్కిపడింది.

అందరూ తిరిగారు. బురద గీత గోడ మీద మనిషెత్తున ఇంకా ఉంది. దాని కింద లక్ష్మీరాజం కుర్చీలో కూర్చున్నాడు. షెడ్డు యజమాని ఆయనే, సంఘం పెద్దా ఆయనే. సిరిసిల్ల పక్క నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మొదటివాళ్లలో ఒకడు. చెడ్డవాడని ఎవరూ అనరు. ఏ తగువైనా త్వరగా తెగ్గొట్టి లేవాలన్న తొందర మాత్రం ఆయనకు ఎప్పుడూ ఉంటుంది.

“ఏంది బిడ్డా?”

“తాబేలును నేను జూస్త. మాదో కాదో చెప్త.”

షెడ్డులో నవ్వులు.

“జూసి చెప్తదట! గది ఏమన్న పెండ్లిపిల్లనా మొఖం జూసి చెప్పనీకె?” అన్నాడు వెనక నుంచి ఎవరో.

“పెండ్లిపిల్లే! పసుపు గూడ పెట్టుకొని కూసుంది,” అన్నాడు ఇంకొకడు.

నవ్వు పెద్దదైంది. కానీ సంఘం ముందు కూర్చున్న ఉమాకాంత్ తల ఇంకొంచెం వంగింది. ఎందుకంటే బస్తీ పట్టుకున్న సాక్ష్యం ఆ పసుపే.

ఇలాంటి తాబేళ్లు ఆ బస్తీలో రెండే ఇళ్లకు వచ్చాయి. లక్ష్మీరాజం ఇంట్లో అద్దాల తొట్టి ఉండేది. అదృష్టం కలిసొస్తుందని ఎవరో చెబితే చేపల దుకాణం నుంచి నిమ్మకాయంత పిల్లను తెచ్చి అందులో వేశాడు. అది చూసి ముచ్చటపడి ఉమాకాంత్ కొన్నాళ్లకు అదే దుకాణంలో ఇంకొకటి కొన్నాడు. రెండూ పళ్లెమంత పెరిగాయి. లక్ష్మీరాజం ఇంట్లో దానికి మేత వేసేవారు, అంతే. ఐలమ్మ మాత్రం కూర్మావతారమని శుక్రవారం శుక్రవారం పసుపు పూసి, బొట్టు పెట్టేది. వరదలో లక్ష్మీరాజం తాబేలు చచ్చిపోయిందన్నారు. ఆ మాట ఆయన అన్నాడు కాబట్టి ఇంకెవరూ అడగలేదు.

“ఇగో సుమనా,” అన్నాడు లక్ష్మీరాజం. “నీ బాధ నాకు తెల్వదా? కానీ తాబేలును బయటికి గుంజినంక మేమంత జూసినం. ఈపు మీద పసుపు, నడుమ కుంకుమ. ఈ బస్తీల తాబేలుకు పసుపు పెట్టేటిది మీ అవ్వ ఒక్కతే. ఇంకేం జూస్తవ్?”

“నువ్వు పైకి పో చెల్లె,” అన్నాడు ఉమాకాంత్, తల ఎత్తకుండానే. “తప్పు నాదే. తొట్టి మీద జాలీ కడ్తే అయిపోవు. కట్టకపోతి.”

సుమనకు అన్న మీద చెప్పలేనంత కోపం వచ్చింది. తాబేలు దొరికినప్పటి నుంచీ ఇదే వరస. అన్నం ముందు కూర్చుని కలుపుతాడు, తినడు. ఎవరు ఏమన్నా ‘తప్పు నాదే’ అంటాడు. పోయినదాన్ని తలుచుకుని ఉన్నదాన్ని కూడా వదులుకునే మనిషి.

“పసుపు వరద నీళ్లల్ల పోదా మామా?” అంది. “అన్ని రోజులు బురదల పొర్లినంక గూడ కుంకుమబొట్టు అట్లనే ఉంటదా?”

నవ్వులు ఆగాయి. ఇది ఎవరికీ తట్టలేదు. లక్ష్మీరాజం కుర్చీలో కొంచెం కదిలాడు.

ఆడవాళ్లు కూర్చున్న మూల నుంచి గంగారాం తల్లి వజ్రమ్మ నోరు విప్పింది. “ఉండదు బిడ్డా. ఎందుకుంటది? నేను వెట్టిన గద బొట్టు.”

“నువ్వా?” అన్నాడు లక్ష్మీరాజం.

“మరి ఎవరు? నా కొడుకు వేలు కొరికిందని వీళ్లు గునపం తేనీకె ఉరికిరి. దేవుని రూపం గద రాజన్నా, సంపితె పాపం ఎవలకు సుట్టుకుంటది? మాకే గద! వీళ్లు వచ్చేలోపు నేను పసుపు కుంకుమ తెచ్చి వెట్టిన. బొట్టు జూసినంక కొట్టనీకె చేతులు రాలే ఈళ్లకు.”

“మరి ఇన్ని దినాల నుంచి చెప్పవేందే అవ్వా?”

“నన్ను అడిగితిరా? మీరు మీరు కూసుంటిరి, మీరు మీరు అనుకుంటిరి. పసుపు సంగతి మాట్లాడుతుంటే, నేను వెట్టింది అందరికి ఎరికే గద అనుకున్న.”

“కొడుకు వేలు వాయె, కొరికినదానికి బొట్టు వెట్టె! మా వజ్రవ్వ అసొంటి వియ్యపురాలు దొర్కాలె,” అన్నాడు వెనక నుంచి ఇందాకటి గొంతు. ఈసారి ఆడవాళ్లు కూడా నవ్వారు. గంగారాం కూడా మూతి బిగించి నవ్వాడు. కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని అతను ఇంతవరకూ ఒక్క మాట మాట్లాడలేదు.

పసుపు సంగతి తేలిపోయింది. అంతమాత్రాన తాబేలు తమది కాదని తేలలేదు. ఆ సంగతి సుమనకు తెలుసు. ఆమె మనోజ్ఞ వైపు చూసింది.

మనోజ్ఞ ముందుకొచ్చి నమస్కారం పెట్టింది. “నా పేరు మనోజ్ఞండి. ఎవరి తరఫునా చెప్పడానికి రాలేదు. ఇది అమెరికా తాబేలండి. జాతి ఒక్కటే, అందులో రకాలున్నాయి. మన దుకాణాల్లోకి వచ్చేవి ముఖ్యంగా రెండు. ఒకటి ఆ దేశంలో చాలా చోట్ల ఉంటుంది, రెండోది కింద కొసన ఫ్లోరిడా అనే రాష్ట్రం వైపుది. వీపూ మూతీ తోకా చూస్తే రెండూ ఒకటే అనుకుంటాం. మెడ మీద చూడాలి. మామూలు రకానికి బొడిపెలు అణిగి, గుండ్రంగా ఉంటాయి. ఫ్లోరిడా రకానికి పొడుగ్గా, మొన తేలి ముళ్లలా ఉంటాయి.”

“ఒక్కటే దుకాణం, ఒక్కటే తాబేలు. రెండు రకాలు ఎట్లయితయమ్మా?” అన్నాడు లక్ష్మీరాజం.

“దుకాణం ఒక్కటే కావచ్చండీ. సరుకు ఒక్కసారే రాదు కదా. మీరు కొన్నదీ వాళ్లు కొన్నదీ ఒకటే రకం కూడా అయి ఉండొచ్చు. అప్పుడు నేను చెప్పగలిగేది ఏమీ లేదు. అందుకే చూడకముందే సుమనను అడగండి.”

అది న్యాయంగా అనిపించింది. చూశాక చెబితే ఎవరైనా చెబుతారు. తాబేలు షెడ్డు వెనక డ్రమ్ములో గోనెసంచి కింద ఉంది. పట్టిన రోజు నుంచీ ఆడపిల్లలను అటు రానివ్వలేదు, ఉమాకాంత్ తనంతట తాను చూడడానికి పోలేదు.

“చెప్పు మరి,” అన్నాడు లక్ష్మీరాజం. “మీ తాబేలు మెడ ఎట్లుంటది?”

సుమన ఒక్కసారి గుర్తు చేసుకుంది. శుక్రవారం తెల్లారి తొట్టి దగ్గర వంగి, చెంబుతో వెనక నుంచి నీళ్లు పోస్తుంటే అది మెడ కొంచెం కొంచెంగా చాచేది. అవ్వ పసుపు పూసేది వీపుకే, కానీ కారిన పసుపు మెడ మీదికి దిగి ఒక్కో మొన చుట్టూ నిలిచేది. మూతి అందకుండా కొబ్బరి పీచును పుల్లకు కట్టి దులిపేది సుమనే. పీచు ప్రతిసారీ చిక్కుకునేది.

“ముళ్లుంటయి మామా. మెడ పొడుగూత, రెండు పక్కల. పల్లేరుకాయ ముళ్లు ఎట్లుంటయో అట్ల. పైన సన్నయి, కింద పెద్దయి. పీచు చిక్కుకుంటది.”

“మంచిది. డ్రమ్ము తేండ్రి.”

ఇద్దరు మగవాళ్లు డ్రమ్మును ఈడ్చుకొచ్చారు. కూర్చున్నవాళ్లు లేచారు, లేచినవాళ్లు వెనక్కి జరిగారు. గోనె తీయగానే కుళ్లిన బురద వాసన షెడ్డంతా కమ్మింది. తాబేలు అడుగున రాయిలా ఉంది. మెడ వంచి ముడుచుకుంది. ఆ జాతికి తల పూర్తిగా లోపలికి పోదు, అందుకే చిప్ప అంచు కింద నుంచి కళ్లు కనపడుతూనే ఉన్నాయి.

“చెయ్యి పెట్టకు సుమనా,” అంది మనోజ్ఞ మెల్లగా. “మెడ వెనక్కి కూడా తిరుగుతుంది దానికి.”

సుమన మూలనున్న విరిగిన మగ్గం కర్ర తీసుకుంది. చెంబుతో నీళ్లు పోసింది. మిగిలిన పసుపు కరిగి కారింది. కర్ర కొసను మూతి ముందు ఆడించింది. ఒకసారి. మళ్లీ. ఏమీ లేదు.

ఠక్కున కర్ర ఆమె చేతిలో అదిరింది. ఎప్పుడు చాచిందో చూడనే లేదు ఎవరూ. మూతి కర్రను కరచుకుని ఉంది. సుమన రెండు చేతులా పట్టుకుని ముందుకు లాగింది. మెడ మొత్తం బయటికి వచ్చింది, చేతి మందాన, తడిసి మెరుస్తూ.

ధనియాలు చల్లి అద్దినట్టు ఉంది మెడ. అన్నీ గుండ్రటివే. ఒక్క మొన లేదు.

“ఇది మాది కాదు,” అంది సుమన.

“మామూలు రకమేనండి ఇది,” అంది మనోజ్ఞ వంగి చూసి.

లక్ష్మీరాజం దగ్గరికి వచ్చి చూశాడు. చాలాసేపు చూశాడు. “చిన్నప్పుడు ముళ్లుండి, పెద్దయినంక అరుగుతయేమో?”

“వీపు మీద గట్లు అరుగుతాయండి, అది నిజమే. మెడ మీదివి అలా అరగవు.”

“పిల్ల మాటనే గద మాకున్నది. ముళ్లున్నయని ఆమె అంటది. లేకుండెనేమో! ఇంకెవలన్న జూసిండ్రా?”

ఉమాకాంత్ మాట చెల్లదు, ఐలమ్మ మాట చెల్లదు.

“నేను జూసిన,” అన్నాడు గంగారాం.

అందరూ అతని వైపు తిరిగారు. అతను కట్టు కట్టిన చేతిని ఇంకో చేత్తో పట్టుకుని లేచాడు. “దినం నా టిఫినీ డబ్బల చేప ముక్క ఉంటె దానికి ఏసేటోన్ని. ఒకసారి కుక్కపిల్లను నిమిరినట్టు మెడ నిమురుదామని పోయిన. పల్లేరు తొక్కినట్టయింది ఈ చెయ్యికి. అప్పుడు వేళ్లన్ని ఉండె.” అతను తాబేలు వైపు చూశాడు. “ఇది అది కాదు రాజన్నా. పిల్ల నిజమే చెప్తున్నది.”

వేలు పోయినవాడే ఆ మాట అన్నాక ఇంకెవరికి అడగడానికేముంది? ఇక మిగిలింది ఒకటే ప్రశ్న. దాన్ని ఎవరూ నోటితో అడగలేదు. కానీ షెడ్డులో చూపులన్నీ ఒక్కొక్కటిగా లక్ష్మీరాజం మీదికి చేరాయి.

ఆయన భుజం మీది తువ్వాల తీసి మెడ తుడుచుకున్నాడు. మళ్లీ తుడుచుకున్నాడు.

“రాజన్నా,” అంది వజ్రమ్మ. “సచ్చిన తాబేలును ఏడ పాతివెట్టినవ్?”

“పాతిపెట్టలే.” ఆయన గొంతు తగ్గింది. “నీళ్లు తీసినంక జూస్తె అద్దాల తొట్టి పలిగి ఉన్నది. తాబేలు లేదు. ఇంట్ల అందరు సచ్చిపోయింది అన్నరు. నేను గూడ గదే అనుకున్న. అనుకునేది అల్కగ ఉండె, అనుకున్న.” తర్వాత గంగారాం వైపు చూడకుండా అన్నాడు. “నీ సంగతి నేను జూసుకుంట గంగారాం. కాలు చెయ్యి ఆడినన్ని దినాలు నీకు ఈ షెడ్డుల పని ఉంటది. మగ్గం మీద కాకపోతె ఇంకో పని. ఉమాకాంత్, నువ్వు యాడికి పోయేది లేదు. గది గదే, పని పనే. ఇగ లేవుండ్రి.”

షెడ్డు ఒక్కసారి గలగలమంది. ఎవరో ఉమాకాంత్ వీపు చరిచారు. ఐలమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ, దండాలు పెడుతూ జనంలోంచి దారి చేసుకుంది. తాబేలు దొరికినప్పటి నుంచి మొదటిసారి ఉమాకాంత్ ముఖం ఎత్తి చెల్లెలి వంక చూశాడు. ఆ కళ్లల్లో నవ్వు మొలవబోతోంది.

సుమన కర్రను వదిలేసింది. తాబేలు దాన్ని కరచుకునే అడుగుకు జారింది. ఆమెకు ఎక్కడో ఏదో మరిచిపోయినట్టు, పొయ్యి మీద ఏదో పెట్టి వచ్చినట్టు లోపల ఒకటే అలజడి. గెలిచాక ఇలా ఉంటుందా?

గంగారాం ఆమె పక్కకు వచ్చి నిలబడ్డాడు.

“బిడ్డా,” అన్నాడు, ఆమెకు మాత్రమే వినపడేలా. “ఇది రాజన్నదైతె, మీది యాడున్నట్టు?”

అదే. అదే సుమన మరిచిపోయింది.

గంగారాం వేలు పోయాక రోజుల తరబడి ఖాడీ వైపు ఎవరూ దిగలేదు. తాబేలు పట్టుబడ్డాక భయం తీరిపోయింది. కాలువ మూతి తవ్వడానికి మగవాళ్లు దిగుతున్నారు, కొట్టుకుపోయిన సామాను ఏరడానికి ఆడవాళ్లు దిగుతున్నారు. తమది ఆ బురదలోనే ఉండి ఉంటే? ఆమె అన్న వైపు చూసింది. గంగారాం మాట వినకపోయినా చెల్లెలి ముఖం చదివాడేమో, ఉమాకాంత్ కళ్లల్లో మొలవబోయిన నవ్వు అక్కడే ఆగింది. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. మెల్లగా, ఒక్కసారే. ఇప్పుడే దక్కిన గది అది, ఇప్పుడే దక్కిన పని. తమది ఇంకా ఖాడీలోనే ఉందని చెప్పిందా, రేపు ఎవరి చెయ్యి పోయినా ఈ షెడ్డే మళ్లీ కూర్చుంటుంది, అప్పుడు ఆ ముళ్లే తమకు ఎదురు సాక్ష్యం. నోరు మూసుకుంటే సరిపోతుంది. ఆమెకు చేతనైన పని అదే కదా ఇన్నేళ్లూ.

“ఆగుండ్రి!” అని అరిచింది సుమన.

మగ్గాల మోతలో అరిచినట్టు అరిచింది. గుమ్మం దాటినవాళ్లు కూడా వెనక్కి తిరిగారు.

“మా తాబేలు ఇంక దొర్కలే. అది ఖాడీలనే ఉండొచ్చు. ఎవలు నీళ్లల్ల దిగొద్దు. అది దొర్కెదాక ఎవలు దిగొద్దు!”

ఉమాకాంత్ కళ్లు మూసుకున్నాడు. లక్ష్మీరాజం పక్కనున్నవాళ్లతో ఏదో అన్నాడు. ఆడవాళ్లు గబగబా తమ పిల్లలను దగ్గరికి లాక్కున్నారు. ఎవరి మనిషి ఎక్కడున్నారో చూసుకుంటున్నారందరూ. సుమన కూడా వెనక్కి తిరిగింది. ఐలమ్మ కూర్చున్న చోట చాప ఖాళీగా ఉంది.

“అవ్వ ఏది?”

“ఇప్పుడే పాయె గదనే,” అంది వజ్రమ్మ. “కొడుకు గండం గడిసిందని, గంగమ్మకు పసుపు కుంకుమ ఇడిసి వస్తనని...”

మిగతా మాట వినడానికి సుమన అక్కడ లేదు. షెడ్డు పక్క సందులో బురద జారుడుగా ఉంది. గోడ పట్టుకుని, మోచెయ్యి గీరుకుపోతున్నా ఆగకుండా వెనకవైపుకు వచ్చి పడింది.

ఐలమ్మ ఖాడీలో మోకాళ్ల లోతున ఉంది. చీర పైకి దోపుకుంది. ఎడమ చేతిలో ఆకు దొప్ప పట్టుకుని, కుడి చేత్తో ముందున్న నురగను, చెత్తను పక్కకు నెడుతోంది, దొప్ప వదలడానికి కాస్త శుభ్రమైన నీళ్ల కోసం.

“అవ్వా! బయటికి రా! బయటికి రావే!”

ఐలమ్మ తిరిగి చూసింది. ఎన్నడూ గొంతు పెంచని పిల్ల సంతోషం పట్టలేక అరుస్తోందనుకుంది. ముఖమంతా నవ్వుతో, ఒక్క నిమిషం ఆగమన్నట్టు తల ఊపింది. మళ్లీ వంగి, పసుపు కలపడానికి చేతిని మణికట్టు దాకా నీళ్లలో ముంచింది.

ఆమె మోకాళ్లకు జానెడు దూరంలో నురగ, నీటి వాలుకు ఎదురుగా, మెల్లగా రెండుగా విడిపోతోంది.